కొలిచేవాడికే కామెర్లు

మా ఇల్లు హైదరాబాద్‌లో, ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ పేరిట ఉన్న చౌరస్తాకు దగ్గర్లో. మా వీధిలో పొద్దున్నే వాకింగ్‌కు బయల్దేరే పదిమందిలో ఆరుగురికి ట్రాన్సిస్టర్ కాళ్ల పేర్లు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఇలాంటి చోట ఆసిల్లోస్కోపును, అంటే కరెంటు ఎగుడుదిగుళ్లను తెర మీద గీతగా చూపే పరికరాన్ని, విప్పడమంటే పురోహితుల వీధిలో తప్పుడు మంత్రం చదవడమే. అయినా విప్పాను.

ఆ స్కోపును నాలుగేళ్ల క్రితం ఎర్రగడ్డ ఆదివారం సంతలో 6,500కు బేరమాడి తెచ్చుకున్నాను. తొంభైల నాటి డిజిటల్ రకం. బరువు మాత్రం గ్యాస్ సిలిండర్‌కు చెల్లెలు. లోపల ఏడంగుళాల పచ్చ పిక్చర్ ట్యూబు. పనంతా సవ్యంగానే చేసేది గానీ ట్యూబు మసకబారింది. బ్రైట్‌నెస్ మొత్తం తిప్పినా, లైటు ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, ముక్కు అద్దానికి ఆనిస్తే తప్ప గీత కనిపించేది కాదు. ట్యూబు తీసేసి అక్కడ ఎల్‌సీడీ పెడితే పోదా అనుకున్నాను. నా జీవితంలో ఖర్చయిన ఆదివారాలన్నీ ఈ "పోదా" దగ్గరే మొదలయ్యాయి.

ట్యూబు ఊడదీయడం పిల్లలాట కాదు. వెనక రబ్బరు టోపీ కింద పదివేల వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్చి ఆపినా ఆ చార్జి పాత బాకీలా అక్కడే కూర్చుంటుంది. పక్కింటి మాస్టారు ముందే జాగ్రత్త చెప్పారు.

"ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తో చెయ్యవయ్యా. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది."

మంచి మాటే. కాకపోతే నేను లుంగీలో ఉన్నాను. లుంగీకి జేబుండదు. ఎడమ చేత్తో లుంగీ కుచ్చె పట్టుకుని, కుడిచేత్తో వైరు కట్టిన స్క్రూడ్రైవర్‌ను రబ్బరు కిందికి తోశాను. "టప్" అంది. ఇంట్లో వాళ్లు బయటికి పరుగెత్తుకొచ్చారు. లుంగీ నిలిచింది, అదే పదివేలు.

ఈ గాజు గొట్టానికి మొదటి నుంచీ అన్యాయమే జరిగింది. 1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ దీన్ని చేసింది కరెంటు ఆటుపోట్లను కంటితో చూడటానికి. టీవీ ముచ్చట ఆ తర్వాతది. ఆయనకు 1909లో మార్కోనీతో కలిపి నోబెల్ ఇచ్చారు. అదీ వైర్‌లెస్‌కే, గొట్టానికి కాదు. మా ఇంట్లో అయితే పాత రగ్గులో చుట్టి అటక ఎక్కించాను. లోపల గాలి ఉండదు, పగిలితే గాజు పెంకులు ఎగురుతాయని చెప్పాను. అప్పటి నుంచి మా ఆవిడ అటక మీది ఆవకాయ జాడీ కూడా నాచేతే దింపిస్తోంది.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఏడంగుళాల ఎల్‌సీడీ ప్యానెలూ, దాన్ని నడిపే బోర్డూ, పాత రకం వీడియోను దానికి అర్థమయ్యేలా మార్చే ఇంకో బోర్డూ కొన్నాను. మూడు వైర్లు కలపాలి. అడ్డం సింక్, నిలువు సింక్ (ప్రతి గీతా, ప్రతి బొమ్మా ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే పల్సులు), వీడియో. కలిపాను. స్క్రీన్ మీద నల్లటి చీకటి, దాని మధ్యలో చైనా అక్షరాల్లో ఒక పెట్టె. నాకు సిగ్నల్ అందలేదని మొరపెట్టుకుంటోందో, నన్నే ఏమైనా అంటోందో తెలియదు.

మన స్కోపు గీతలు సెకనుకు ఎన్నిసార్లు గీస్తోందో తెలిస్తే గానీ బోర్డును సర్దలేం. అది తెలియాలంటే సింక్ పల్సుల మధ్య సమయం కొలవాలి. కొలవాలంటే స్కోపు కావాలి. స్కోపు విప్పేసి ఉంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

చివరికి అటక ఎక్కి, రగ్గు విప్పి, ట్యూబును మళ్లీ బల్ల మీదికి దించి, వేలాడే వైర్లతోనే తగిలించాను. స్కోపు ప్రోబును, అంటే కొలిచే మొన ఉన్న వైరును, స్కోపు కడుపులోకే దూర్చాను. తన ఆపరేషన్‌కు తానే టార్చిలైటు పట్టుకున్న పేషెంటు మాదిరి అది తన సింక్ పల్సులు తానే చూపించింది, దుప్పటి చీకట్లో. రెండు పల్సుల మధ్య 40 మైక్రోసెకన్లు. అంటే సెకనుకు 25 వేల గీతలు, 25 కిలోహెర్ట్జ్. మన పాత టీవీలది 15.625, కంప్యూటర్ వీజీఏ తెరది 31.5. ఇది రెంటికీ చెడ్డ రేవడి. ఊడదీయక ముందే ఈ కొలత కొలుచుకుని ఉంటే అరగంట పని. తెలివి ఎప్పుడూ స్క్రూలు విప్పాకే వస్తుంది నాకు.

సర్దాక బొమ్మ వచ్చింది గానీ పాలు పొంగినట్టు స్క్రీనంతా తెలుపే. స్కోపు ఇస్తున్నది 5 వోల్టులు, బోర్డు తాగగలిగింది 0.7. మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేస్తే పొంగు దిగింది. వీడియో వైరును ఎరుపు, పచ్చ, నీలం మూడింటికీ కలిపితే తెల్లగా వస్తుంది. నేను పచ్చకే కలిపాను, పాత రుచి పోకూడదని. దాంతో ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. "ఇన్నాళ్లూ చేసింది దీన్ని తుడవడమేనా?" అని అడిగింది మా ఆవిడ.

మాస్టారికి చూపిద్దామని రెండు చానెళ్లకూ సైన్ వేవులిచ్చి వృత్తం గీయించాను. ప్యానెలేమో వెడల్పు రకం. వృత్తం కాస్తా కోడిగుడ్డయింది. స్క్రీన్ మీది కొలత గడులు కూడా దాంతోపాటే సాగాయి కాబట్టి కొలతకేం లోటు లేదని నచ్చజెప్పాను. మాస్టారు శాకాహారి. ఏమీ అనలేదు.

అసలు తప్పు వేరే చోట జరిగింది. కొత్త బోర్డు ట్యూబు ఖాళీలో పట్టలేదు. పక్కనే ఓ అడ్డరేకు ఉంది. ఏ పనీ పాటా లేకుండా నిలబడి ఉన్నట్టనిపించింది. దాన్ని కోసి తీసేశాను.

ఆ వారమే మాస్టారు తన యాంప్లిఫయర్ తెచ్చారు. ఇరవై ఏళ్లుగా వాళ్లింట్లో సుప్రభాతం దాన్లోంచే వస్తుంది. ఈమధ్య స్వామివారికి ముందు "బొయ్య్" మని గుర్రు వినిపిస్తోందట. ప్రోబు తగిలించాను. గీత మీద ముళ్లు! రేగుకంపలా బారులు తీరి ఉన్నాయి. సప్లై కండెన్సర్లు పోయాయని తీర్మానించి, 4,700 మైక్రోఫారడ్‌వి రెండూ మార్చాను. ముళ్లు అలాగే ఉన్నాయి. డయోడ్లు మార్చాను. ఉన్నాయి. టోన్ కంట్రోల్ బోర్డు మీదివన్నీ ఊడ్చి కొత్తవి వేశాను. ముల్లు కూడా వంగలేదు. చెయ్యి కాల్చుకుని, టీ తాగి వచ్చి మళ్లీ చూశాను. ముళ్లు ఉన్నాయి. అప్పుడు కాలికేదో తగిలింది. కిందికి చూస్తే యాంప్లిఫయర్ ప్లగ్గు, నేల మీద. కరెంటే లేని యాంప్లిఫయర్ అంత శబ్దం చేస్తోందన్నమాట.

ప్రోబు తీసేశాను. ముళ్లు ఉన్నాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మన రోగి అచ్చంగా పచ్చగానే గీస్తోంది కూడా. ఆ ఎల్‌సీడీ బోర్డు 12 వోల్టులను చిన్న వోల్టులుగా మార్చుకోవడానికి సెకనుకు లక్షల సార్లు స్విచ్చి వేసి ఆపుతూ ఉంటుంది. ఆ చప్పుడు పక్కనే ఉన్న స్కోపు సొంత ఇన్‌పుట్ యాంప్లిఫయర్‌లోకి దూరుతోంది. దూరకుండా ఆపేందుకే ఆ రేకు అక్కడ ఉండేది, పాపం. వెతికితే బాల్కనీలో కనిపించింది, పావురాలు రాకుండా ఏసీ డబ్బా వెనక సందులో బిగించి. తీస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. పావురాలు ఆగిపోయాయట. రేకు ఎక్కడున్నా దాని పని అది చేస్తోంది.

ఇంకో రేకు కోయించేదాకా ఒక ఉపాయం దొరికింది. ఎల్‌సీడీకి వెళ్లే 12 వోల్టుల మధ్య ఒక స్విచ్చి పెట్టాను. స్క్రీన్ ఆపితే ముళ్లుండవు, గీత పట్టుతీగలా ఉంటుంది, కనిపించదంతే. డిజిటల్ స్కోపు గనక చీకట్లోనే స్టాప్ నొక్కితే గీతను గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత స్క్రీన్ వేసుకుని చూడొచ్చు. ఏ మీట ఎక్కడుందో వేళ్లకు అలవాటైపోయింది. హార్మోనిస్టులా కళ్లు మూసుకుని కొలుస్తున్నాను.

మొన్న సాయంత్రం అలా కొలుస్తూ ఉండగా మాస్టారు మైసూర్‌పాక్ పొట్లంతో వచ్చారు.

"ఏం మార్చావో గానీ గుర్రు పూర్తిగా పోయిందయ్యా! ఆ స్కోపు అంటే స్కోపే. దాని పుణ్యమే."

నిజానికి ఇరవై ఏళ్ల కండెన్సర్లు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. గుర్రు వాటిదే, ముళ్లు మనవి. చెబుదామని నోరు తెరిచే లోపే ఆయన చూపు స్కోపు మీద పడింది. నల్లగా ఉంది. నా వేళ్లు మాత్రం మీటల మీద తిరుగుతున్నాయి.

"కరెంటు లేదా?"

"ఉంది మాస్టారూ. కొలుస్తున్నాను."

ఆయన స్క్రీన్ వైపు చూశారు. నా వైపు చూశారు. పొట్లం బల్ల మీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్లిపోయారు.