‘ఉత్త నడకే కదా’ అన్నవాళ్లకి

పొద్దున గ్రూపులో పోల్ ముగిసింది. పెరూలో ఇన్కా రాజుల కాలపు పాత ఊరు మచు పిచ్చుకి ఏ దారిన వెళ్దామంటే ఇన్కా ట్రెయిల్ ఓడిపోయి, ఇన్కా జంగిల్ ట్రెక్ గెలిచింది. ఓడిపోయినందుకు కాదు నా మంట. కింద మా అక్క వాళ్లాయన పెట్టిన మెసేజ్‌కి. "నాలుగు రోజులు ఉత్త నడకే కదమ్మా, ఇటైతే సైకిలు, ర్యాఫ్టింగు, జిప్‌లైను అన్నీ ఉన్నాయి." దానికి వరసపెట్టి బొటనవేళ్లు. అప్పట్నుంచి ఆఫీసు పని మీద మనసు నిలవట్లేదు.

ఉత్త నడకా బావగారూ?

దాదాపు 43 కిలోమీటర్ల దారి అది. రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర మొదలవుతుంది. రెండో రోజు వర్మివాన్యుస్కా కనుమ ఎక్కాలి, 4,215 మీటర్లు. అక్కడ నాలుగు అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సిందే. కనుమ దాటి ముందుకెళ్లే కొద్దీ కాళ్ల కింద ఉండేది చాలాచోట్ల ఇన్కాల కాలంలో పరిచిన రాయే. రుంకురకాయ్, సయక్‌మార్కా, ఫుయుపటమార్కా, విన్యయ్ వైన, ఇలా పాత ఇన్కా కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి దారి మీదే తగులుతాయి. ఒకచోట కొండ అడ్డొస్తే బండలోనే సొరంగం చేసి, లోపల మెట్లు చెక్కుకుంటూ పోయారు. ఇనప పనిముట్లు లేవు, చక్రాల బండి లేదు, గుర్రం లేదు. అలాంటి దారులు మొత్తం 30,000 కిలోమీటర్లకు పైగా వేశారు. ఇప్పటి ఆరు దేశాల్లో ఉన్న ఆ దారుల్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చివరి రోజు పొద్దున్నే ఇంతి పుంకు, అంటే సూర్యద్వారం, దగ్గరికి చేరితే కింద మచు పిచ్చు కనబడుతుంది. ఆ ఊరికి వాళ్లు వేసుకున్న దారిలో, వాళ్లు కట్టిన వాకిట్లోంచి దిగుతాం. దీన్నా మీరు ఉత్త నడక అన్నది?

జంగిల్ ట్రెక్ చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. వ్యాన్‌లో అబ్రా మలగా కనుమ దాకా, అంటే 4,300 మీటర్లకు పైన, తీసుకెళ్లి సైకిలు చేతికిస్తారు. అక్కణ్నుంచి శాంటా మరియా వైపు అంతా దిగుడే. తర్వాత ఉరుబంబా నదిలో ర్యాఫ్టింగ్, శాంటా తెరెసా దగ్గర జిప్‌లైన్, కొకల్మాయో వేడినీళ్ల స్నానం. మధ్యలో కాఫీ, కోకా తోటలు, కాసేపు పాత ఇన్కా కాలిబాట కూడా వస్తుంది. ఆఖర్లో హిడ్రోఎలెక్ట్రికా స్టేషన్ నుంచి రైలు పట్టాల పక్కన ఓ పది కిలోమీటర్లు నడిస్తే మచు పిచ్చు కింద ఉన్న ఊరు, అగువాస్ కాలియెంతెస్. బాగానే ఉంటుంది. కానీ ర్యాఫ్టింగ్ కొలరాడోలో లేదా? జిప్‌లైన్ మన ఇళ్లకి గంట దూరంలో లేదా? పిల్లల పుట్టినరోజులకి కూడా వెళ్తున్నాంగా. దాని కోసం పెరూ దాకా ఎందుకు?

అన్నిటికన్నా మండింది ఇంకో మాట. "పర్మిట్ దొరుకుతుందో లేదో ఆ టెన్షన్ ఎందుకు, జంగిల్‌కైతే ట్రెయిల్ పర్మిటే అక్కర్లేదు." ఆ టెన్షన్ ఎవరు తెచ్చిపెట్టారు? రోజుకి ఆ దారిలోకి 500 మందినే పంపుతారు, అదీ గైడ్లు, పోర్టర్లతో కలిపి. యాత్రికులకి మిగిలేది దాదాపు రెండొందలే. పాస్‌పోర్ట్ మీదున్న పేరుతోనే ఇస్తారు, తర్వాత ఇంకొకరికి మార్చరు. ఫిబ్రవరి నెలంతా దారి మూసేస్తారు. వానల్లేని నెలలకి చాలా ముందే అయిపోతాయి. ఇవన్నీ దసరాకే గ్రూపులో రాశాను. పాస్‌పోర్ట్ నంబర్లు ఇవ్వండి బాబూ అని అడిగిందాన్ని అడుగుతూనే ఉన్నాను. "చూద్దాంలే", "వీకెండ్‌లో ఇస్తా", "మా ఆవిణ్ని అడగాలి". నంబర్లు ఇవ్వనివాళ్లే ఇవాళ పర్మిట్ల గురించి నాకు చెబుతున్నారు!

ఇక ఖర్చు. ట్రెయిల్‌కి అంత రేటు ఎందుకని, తక్కువకి తెచ్చే ఏజెన్సీని వెతకమని ఒకాయన సలహా. అన్నా, ఆ తగ్గించేది ఎవరి కూలిలోంచి? మన టెంట్లు, వంటసామాను, గ్యాస్ బండ అన్నీ మోసేది పోర్టర్లు. ఎక్కువమంది కొండ పల్లెల రైతులు, ఇంట్లో కెచువా మాట్లాడేవాళ్లు. మనిషికి 20 కిలోలు మించి మోయించకూడదని పెరూలో 2001లో చట్టం చేశారు, దారి మొదట్లో మూటలు కాటా వేసి చూస్తారు. అంతకుముందు ఎంతెంత మోయించి ఉంటే చట్టం దాకా వెళ్లాల్సొచ్చిందో ఆలోచించండి. మన బేరం వాళ్ల వీపు మీద పడుతుంది. నేను ఆ బేరం ఆడను.

అసలు ఈ గ్రూపుకి పాత దారులంటే ఎప్పుడూ చిన్నచూపే. మొన్న ఇండియా వెళ్లినప్పుడు శ్రీశైలంలో ఏం జరిగిందో నేను మర్చిపోలేదు. హటకేశ్వరం దగ్గర ఆగి కైలాసద్వారం చూద్దాం, నల్లమలలోంచి పైకొచ్చే మెట్ల దారి అదే అని బతిమాలాను. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో. మచు పిచ్చు కట్టింది 1450 ప్రాంతంలో, అంటే మన మెట్లే ముందువి. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా, అడవిలో రాత్రిళ్లు పడుకుంటూ, ఆ దారినే వస్తారు. తెలుగువాళ్లం మనం, కారు ఆపడానికి అరగంట లేదన్నారు. అదే రోజు పాతాళగంగ రోప్‌వేకి లైన్లో గంటన్నర నిలబడ్డారు! మా అమ్మ ఆ దారి గురించి చిన్నప్పట్నుంచి వింటూనే ఉంది. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కూడా "ఈసారి చూద్దాం అత్తయ్యా" అన్నారు. ఆ ఈసారి ఇంకా రాలేదు. అమ్మకిప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి.

అందుకని పోల్‌లో ఎన్ని ఓట్లొచ్చినా నేనూ చెల్లీ ట్రెయిల్‌కే వెళ్తాం. ఇద్దరి పాస్‌పోర్ట్ నంబర్లూ మధ్యాహ్నమే పంపించాను. పోర్టర్లకి రోజుకూలి ఎంతిస్తారో, వాళ్ల పడక, తిండి ఏర్పాట్లేంటో రాసిమ్మని ఏజెన్సీ వాళ్లని అడిగాను. జవాబు రాగానే డబ్బు కడతాను. ఇంకెవరైనా రాదల్చుకుంటే ఈ రాత్రికే నంబరు పంపండి, రేపటిదాకా ఆగను.