శ్రీ 0.001 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డిఫాల్ట్ 0.001 గారి దివ్య సముఖమునకు, గాలి, వేడి ఎలా పారతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్లు నడుపుకుని బతికే ఒక ఇంజనీరు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మెష్ (గాలి ఉన్న చోటును చిన్న చిన్న గళ్లుగా కోసిన వల) కులాసా, క్లస్టర్ (లెక్క మోసే కంప్యూటర్ల గుంపు) కులాసా, కరెంటు కూడా ఉంది. తమరు ఎప్పటిలాగే ఫ్లూయెంట్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వారి కన్వర్జెన్స్ పెట్టెలో, అంటే లెక్క కుదురుకుందని ఎప్పుడు ఒప్పుకోవాలో అంకె రాసే చోట, కంటిన్యూటీ (గాలి జమాఖర్చు) పక్కన, మూడు వేగాల పక్కన, టర్బ్యులెన్స్ (సుడుల అల్లకల్లోలం) పక్కన కొలువుదీరి ఉంటారని తలుస్తాను. ఎనర్జీ పక్కన మాత్రం తమరికి కుర్చీ వేయలేదు. అక్కడ 0.000001 గారు కూర్చున్నారు. వేడి లెక్కకు తమరి సంతకం చాలదని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకే తెలుసన్నమాట. గాలి లెక్కకు ఎలా చాలిందని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు.

రెసిడ్యుయల్ అంటే మెష్‌లోని ఒక్కో సెల్లులో, అంటే గడిలో, సమీకరణం ఇంకా ఎంత తేడాతో తేలుతోందో చెప్పే లెక్క. ఆ రంగురంగుల గీతలన్నీ తమరి కిందికి దిగీ దిగగానే తెర మీద 'సొల్యూషన్ ఈజ్ కన్వర్జ్‌డ్', అంటే జవాబు కుదురుకుంది, అని పడుతుంది. ఇక కుర్రాళ్లు టీకి, మేనేజర్లు ప్రెజెంటేషన్‌కి. డ్రాగ్ (వస్తువును గాలి వెనక్కి లాగే బలం) ఇంకా పాకుతూనే ఉందని చెప్పే గ్రాఫ్ పక్క కిటికీలోనే ఉంటుంది. దాన్ని తెరవమని తమరు ఎన్నడూ చెప్పలేదు, వాళ్లూ తెరవలేదు.

తమరి కొలత పద్ధతి గురించి ఒక మాట మనవి చేసుకోవాలి. కంటిన్యూటీ రెసిడ్యుయల్‌ని మొదటి ఐదు ఇటరేషన్లలో (లెక్కను దిద్దుకుంటూ తిరిగే చుట్లలో) వచ్చిన అతి పెద్ద విలువతో భాగించి చూడటం తమరి ఇంటి ఆచారం. అంటే మొదలు ఎంత అధ్వానంగా ఉంటే గట్టెక్కడం అంత తేలిక. మొక్కుబడిగా ఏదో ఒక అంకె కొట్టి ఇనిషియలైజ్ చేసినవాడికి, అంటే లెక్కకు తొలి అంచనా ఇచ్చినవాడికి, తమరి ఆశీర్వాదం చకచకా దొరుకుతుంది. నిన్నటి ఫలితాన్ని తెచ్చి, దాదాపు సరైన చోటి నుంచి మొదలెట్టిన బుద్ధిమంతుడి గీత మాత్రం తమరికి చాలా పైనే బల్లపరుపుగా పడుకుంటుంది. వాడి జవాబు ఎప్పుడో కుదురుకుంది పాపం. అయినా తమరి దర్శనం కోసం రాత్రంతా క్యూలో నిలబెడతారు.

ఇక ఆ సిలిండర్ సంగతి. రెనాల్డ్స్ నంబరు (ప్రవాహం ఊపుకూ దాని జిగటకూ ఉన్న నిష్పత్తి) 100 దగ్గర గుండ్రటి సిలిండర్ మీదుగా ప్రవాహం, ఈ విద్యలో అందరూ దిద్దే ఓనమాలు. ఆ నంబరు 47 దాటితే వెనకాల గాలి నిలకడగా ఉండదు, సుడులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి తెగిపడుతూ పోతాయి. కానీ లెక్క మొదలైన కొత్తలో, మెష్ చక్కగా సౌష్ఠవంగా ఉంటే, రెండు సుడులు కవల పిల్లల్లా కదలకుండా కూర్చుంటాయి. రెసిడ్యుయల్స్ ముచ్చటగా దిగుతాయి. అదిగో, అప్పుడే తమరు సంతకం పెట్టేస్తారు! చేతికొచ్చే డ్రాగ్ కోఎఫిషియంట్ సుమారు 1.06. ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే సుడులు తెగడం మొదలై సగటు 1.33 దరిదాపులకు చేరేది. అయిదో వంతు డ్రాగ్ తమరి కలం పోటుకు ఆవిరి.

నిజం చెప్పాలంటే ఇక్కడ తప్పంతా తమరిదే అనలేను. తమరిని పక్కనబెట్టి డ్రాగ్ గీతనే నమ్ముకున్నవాడూ ఆ 1.06 మెట్టు మీద కాలుజారి పడతాడు, అది కూడా నున్నగానే ఉంటుంది కనుక. లిఫ్ట్‌ని (ప్రవాహానికి అడ్డంగా తోసే బలాన్ని) లాగ్ స్కేలు మీద, అంటే ఒక్కో మెట్టు పది రెట్లుగా, గీసినవాడికే, సున్నా అనుకున్నది లోలోపల రెట్టింపులవుతూ ఎదగడం కనబడుతుంది.

రెసిడ్యుయల్ జోలికే పోకుండా రెండు ఇటరేషన్ల మధ్య తేడాను మాత్రమే చూసి ఆగే సాల్వర్లూ (సమీకరణాలు తేల్చే ప్రోగ్రాములూ) ఉన్నాయి, తమరికి దూరపు చుట్టాలు. వాటి దగ్గర రిలాక్సేషన్ ఫ్యాక్టర్‌ని, అంటే ఒక్కో చుట్టులో ఎంత దిద్దుబాటు తీసుకోవాలో చెప్పే అంకెను, 0.05కి దించితే చాలు, తేడా దానంతటదే చిక్కిపోతుంది. అడుగు చిన్నది వేసి ఊరొచ్చేసిందనడం! ఈ చిట్కా తెలిసి వాడేవాళ్లను చూశాను. పేర్లు చెప్పను, వాళ్లకి ప్రమోషన్లు వచ్చాయి.

నేను లెక్కలు పెందలాడే ఆపడానికి వ్యతిరేకిని కాను. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే ఆపమని. ఐదువేల ఇటరేషన్లు అని కొట్టి శుక్రవారం ఇంటికెళ్లిపోయే సంప్రదాయం మనది. ఎనిమిది వందల దగ్గరే తేలిపోయిన జవాబును సోమవారం దాకా తోముతూ, వెనక జాబుల్ని క్యూలో ఎండగడతాం. అడగాల్సిన ప్రశ్న ఒకటే: నాకు కావలసిన అంకె కదలడం ఆగిందా? గడచిన రెండు వందల ఇటరేషన్లలో డ్రాగ్ 0.1 శాతానికి మించి చలించలేదా, లోపలికొచ్చిన గాలి బయటికి పోయిన గాలికి సరిపోయిందా, వేడి జమాఖర్చు కుదిరిందా? ఓపెన్‌ఫోమ్ అనే మరో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో రన్‌టైమ్‌కంట్రోల్ అనే పనిముట్టు ఇలాంటి సగటు చూసే లెక్కను ఆపుతుంది. తమరి ఫ్లూయెంట్ ఇంట్లో కూడా రిపోర్ట్ విలువల మీద ఆపే వీలుంది, తమరి పక్క గదిలోనే. మూసిన గదిలో మెల్లగా వేడెక్కే గాలి లాంటి కేసుల్లో వెనక్కి చూసే ఇటరేషన్ల సంఖ్య పెంచుకోవాలి, లేకపోతే నత్త నడక కూడా నిలకడలాగే కనిపిస్తుంది. పెద్ద సుడుల్ని క్షణక్షణం వెంటాడే లార్జ్ ఎడ్డీ లెక్కల్లో అయితే సగటులోని పొరపాటు సగం కావాలంటే నాలుగు రెట్ల కాలం నడపాలి, అక్కడ తమరి మాట ఎవరూ వినరు లెండి.

తమరిని ఉద్యోగంలోంచి తీసేయమని నా విన్నపం కాదు. గుమ్మంలో ఉండి, గీతలు పైకి పేలిపోతే కేకేయండి చాలు. సంతకం మాత్రం పెట్టకండి.

ఇట్లు,
తమరి సంతకాలన్నీ మళ్లీ సరిచూసుకునే విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం చిత్తుప్రతి చదివి మా పక్క సీటాయన ఆవేశపడి తమరిని పెట్టెలోంచి పీకేసి, దశాంశం తర్వాత పదకొండు సున్నాలు పెట్టి చివర ఒకటి కొట్టాడు. అదీ ఏడంకెలకు మించి గుర్తుండని సింగిల్ ప్రెసిషన్‌లో. ఆ జాబ్ ఇంకా నడుస్తోంది. తమరే కాస్త చూడాలి.