చప్పట్లు కొట్టకండి

మా పాపకు తొమ్మిది నెలలు. వినపడదని బెరా అనే వినికిడి పరీక్షలో తేలింది. అయినా ఇంటికి వచ్చిన ప్రతివారూ దాని వెనక నిలబడి చప్పట్లు కొడతారు! గాలి తగిలో, నీడ కదిలో అది తల తిప్పిందా, "చూశావా అమ్మాయీ, వినపడుతోంది" అని నాకే పాఠం. గుడిలో గంట కడతానని మొక్కుకోమని ఇంకొకరు.

ఇక ఆ వినికిడి యంత్రం. పెట్టిన నిమిషానికి పీకి నోట్లో పెట్టుకుంటుంది. లోపల బ్యాటరీ, మింగితే ప్రాణం మీదికే. చెవి పెరిగేకొద్దీ, చెవి కొలతకు చేయించిన అచ్చు వదులై యంత్రం కీచుమంటుంది. మళ్లీ కొత్త అచ్చు, మళ్లీ డబ్బు. బస్సులో ఆ కూత విని "ఫోను మోగుతోందమ్మా" అంటారు.

నిన్న పక్కింటి పిన్నిగారు చప్పట్లు మానేశారు. స్టీలు పళ్లెం, గరిటె తెచ్చారు.