సెస్సు అందరిదీ, కుర్చీ కొందరిదేనా?

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. పుస్తకాలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. గ్రంథాలయాలకు ఇప్పుడు ఎవరూ రావడం లేదు. తలుపులు అందరికీ తెరిచే ఉన్నా రానివాళ్లది తప్పు. ఇంకా వాటి కోసం మన ఇంటి పన్నులో సెస్సు గుంజడం ఎందుకు?" కొన్నాళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. చిత్రమేమిటంటే, ఉద్యోగాలు వచ్చి స్థిరపడ్డవాళ్లే దీన్ని ఎక్కువగా ఫార్వర్డ్ చేస్తున్నారు. ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

ముందు ఫోన్ల సంగతి. 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మంది. మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 26.5 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి, కాదనను. కానీ ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో వేరే చెప్పాలా? ఆయన పనిమీద బయటికెళితే ఫోన్ కూడా వెళ్లిపోతుంది. "అందరి చేతుల్లో" అనేవాళ్లు ఆ "అందరి"లో ఎవర్ని లెక్కేశారో చూసుకోవాలి.

రెండోది, పుస్తకాలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయట. ఏ పుస్తకాలు? తెలుగులో దొరికే పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు పేజీలను ఫొటోలుగా స్కాన్ చేసి పెట్టినవి. చూపు లేనివాళ్లు ఫోన్‌లో స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటారు కదా, దానికి అక్కడ అక్షరమే కనిపించదు. పోనీ టైపు చేసినవి చూద్దామంటే, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైళ్లను స్క్రీన్ రీడర్ అర్థం లేని గోలగా చదువుతుంది. చట్టం ఎప్పుడో దారి ఇచ్చింది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం బ్రెయిలీలోనో, ఆడియోగానో మార్చుకోవడానికి 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఇదే విషయంపై వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. అనుమతి ఉంది, కానీ మార్చి ఇచ్చే మనిషి కావాలి, వినడానికి ఒక చోటు కావాలి. ఆ పని గ్రంథాలయం కాక ఇంకెవరు చేస్తారు?

ఎవరూ రావడం లేదన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన వారం హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి వెళ్లి ఖాళీ కుర్చీ వెతుక్కోండి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు, నెలనెలా ప్రైవేటు స్టడీ హాలుకు డబ్బు కట్టలేనివాళ్లు అక్కడే ఉంటారు. దీనివల్ల కథల పుస్తకం కోసం వచ్చిన చిన్నపిల్లకి చోటు దొరకడం లేదన్న ఫిర్యాదు వేరే ఉంది, అది నిజమే. అంటే జనం రాక కాదు, చోటు చాలకే ఇబ్బంది.

అసలు మాట "తలుపులు తెరిచే ఉన్నాయి" అన్నది. కాగితం మీద నిజమే. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, ప్రజలు వాడుకునే చోట్ల కులం పేరుతోనో, ఆడా మగా అనో ఎవర్నీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. మరి తలుపు తెరిచి ఉండేది ఎప్పుడు? శాఖా గ్రంథాలయాల వేళలు మామూలుగా ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. కూలికి వెళ్లే మనిషి ఉదయం ఆ వేళకి చేలో ఉంటుంది, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది. ఆమెకు ఆ తలుపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నాకు తెలిసిన ఒక శాఖ మేడ మీద ఉంది. ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పేపర్లు పరిచిన ఒకే పొడుగుబల్ల చుట్టూ మగవాళ్లే ఉంటే కాలేజీ పిల్ల లోపలికి ఒక చూపు చూసి వెనక్కి తిరుగుతుంది. ఆ పిల్లని రావద్దని ఎవరూ అనలేదు. అయినా ఆమె రాలేదు. తప్పు ఆమెదేనా?

పాఠకులే నడిచి రావాలని మన పెద్దలు కూర్చుని ఉంటే గ్రంథాలయోద్యమమే ఉండేది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి గుంటూరు జిల్లాలో కాలువ వెంబడి ఊళ్లకు పంపించారు. దారీ తెన్నూ సరిగా లేని ఊళ్లలో ఉన్నవాళ్లు పుస్తకం కోసం రాలేరని తెలిసి చేసిన పని అది.

ఇక సెస్సు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటికి ఏడాదికి 80 రూపాయలు, నెలకు ఏడు కూడా కాదు. కొత్త పుస్తకాలు లేవు, అన్నీ చిరిగిన పాతవే అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ సెస్సు వసూలు చేసేది గ్రంథాలయం కాదు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైంది వసూలైనట్టు చేరక బకాయిలు పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బే. డబ్బు చేరనివ్వకుండా, పుస్తకాలు లేవు కాబట్టి సెస్సు ఎత్తేయండి అనడం ఏం న్యాయం?

మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లకి నిజంగా లెక్క కావాలంటే అడిగే దారి ఉంది. మీ ఊళ్లో నిరుడు గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, అందులో సంస్థకు ఎంత జమ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు కూడా లేదు.