ఎల్ఎస్‌టీ-325 అసలు కథ 2000లోనే ఉంది

యుద్ధ ట్యాంకులను నేరుగా ఒడ్డున దించే ఎల్ఎస్‌టీ అనే అమెరికా ఓడల గురించిన వ్యాసంలో ఎల్ఎస్‌టీ-325 రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి వెళ్లిన దాకా చెప్పి ఆపేశారు, తర్వాతి కథ ఇంకా బాగుంటుందండీ. 1964లో ఆ ఓడను గ్రీస్‌కు ఇచ్చేశారు, సైరోస్ అనే పేరుతో 1999 దాకా అక్కడే పనిచేసింది. 2000లో అమెరికా మాజీ నావికులు కొందరు, సగటు వయసు డెబ్బై దాటిన తాతలు, గ్రీస్‌లోని క్రీట్ దీవికి వెళ్లి దాన్ని వాళ్లే రిపేర్ చేసుకుని, ఈ వయసులో అట్లాంటిక్ దాటడమేంటని అందరూ భయపెడుతున్నా వినకుండా చలికాలంలో నడుపుకుంటూ 2001 జనవరిలో అలబామాలోని మొబైల్ నగరానికి చేర్చారు. మొండితనమంటే అదీ!

ఇంకోటి, ఓడ అడుగు చదునుగా ఉండటం గురించి రాశారు కానీ బ్యాలస్ట్ ట్యాంకుల (బరువు కోసం నీళ్లు నింపే తొట్ల) సంగతి వదిలేశారు. సముద్రంలో వాటిని నీళ్లతో నింపితే ఓడ లోతుగా కూర్చుని కాస్త నిలకడగా వెళ్తుంది, ఒడ్డు దగ్గర ఆ నీళ్లు తోడేస్తే తేలికై ఇసుక దాకా వచ్చేస్తుంది. ఓడ ముందువైపున్న తలుపులు తెరిచి యుద్ధ ట్యాంకులు దించాక, ముందే వెనక వేసి ఉంచిన లంగరు తాడును చుట్టుకుంటూ మళ్లీ లోతు నీళ్లలోకి వెళ్తుంది. నాకైతే ఆ తలుపుల కన్నా ఈ లంగరు ఐడియానే గొప్పగా అనిపిస్తుంది. ఇప్పుడా ఓడ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో మ్యూజియం, లోపలికెళ్లి చూడొచ్చు.