కళ్ళ కింద నీలం

ఏడు నెలలు. మా చెల్లి కళ్ళ కింద ఆ నీలం రంగు ఏడు నెలలు ఉంది. తను సరేనన్నాకే రాస్తున్నాను.

నిశ్చితార్థానికి ముందు కళ్ళ కింద గుంటలు పోవాలని ఇక్కడ వైజాగ్‌లోనే ఒక క్లినిక్‌లో ఫిల్లర్ వేయించుకుంది, అంటే గుంట పూడేలా చర్మం కింద సూదితో ఎక్కించే జెల్. ఇరవై నిమిషాల పనేనన్నారు. మొదట వాచింది, ఊదాగా కమిలింది. సూది గుచ్చితే కమలదా అనుకున్నాం. పది రోజులకు ఊదా పోయింది, నీలం మిగిలింది.

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద అంతగా తెలిసేది కాదు. ఒక ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే సముద్రం మీంచి ఎండ నేరుగా దాని మొహాన పడింది. ముక్కు పక్క నుంచి కంటి చివరిదాకా చిక్కుడు గింజంత వెడల్పున చార, చర్మం కింద సిరా పాకినట్టు. వేలితో తాకితే మెత్తగా ఉబ్బు. నొప్పి లేదు.

క్లినిక్ వాళ్ళేమన్నారో తెలుసా? "మీది చామనఛాయ కదా మేడమ్, మచ్చ పోవడానికి టైమ్ పడుతుంది." మచ్చల క్రీమ్ రాసిచ్చారు. మూడు నెలలు పూసింది. నా కోపమంతా ఇక్కడే.

వేరే చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో చెప్పారు: టిండాల్ ఎఫెక్ట్. బడిలో గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల పాలు వేసి టార్చి కొట్టి చూపించేవారే, అదే. హయలురోనిక్ యాసిడ్ అనే పదార్థంతో చేసిన ఫిల్లర్ జెల్‌ను లోతుగా కాకుండా పైపైన వేస్తే, వెలుతురులోని నీలం ఎక్కువగా చెదిరి మన కంటికి కనిపిస్తుంది. కళ్ళ కింద చర్మం మరీ పల్చన కాబట్టి అక్కడే ఎక్కువ. మన రంగు చర్మానికి సూది దెబ్బకు మచ్చ పడే మాట నిజమే, కానీ అది గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. ఇది మచ్చే కాదు, లోపల కూర్చున్న జెల్. పైన ఎన్ని ట్యూబులు పూస్తే మాత్రం ఏం పోతుంది? వాళ్ళ చేతి తప్పును చెల్లి ఒంటి రంగు మీద వేశారు.

కమిలితే రంగులు మారతాయి: ఊదా, ఆకుపచ్చ, పసుపు, రెండు వారాల్లో మాయం. మారకుండా నీలంగానే ఉండిపోతే అది కమలడం కాదు. అన్నిటికంటే భయపడాల్సింది ఇంకొకటి. సూది వేయగానే లేదా కొన్ని గంటల్లో చర్మం తెల్లగా పాలిపోయినా, వలలాగా ఊదా రంగు లేదా నల్లటి గీతలు తేలినా, నొప్పి పెరుగుతున్నా, రక్తనాళం మూసుకుపోయిందేమోనని అప్పటికప్పుడు పరుగెత్తాలి. చూపు తేడాగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఐస్ పెట్టుకుని పడుకోమంటే వినకండి. చర్మం కుళ్ళిపోవచ్చు, చూపే పోవచ్చు.

ఆ జెల్‌ను కరిగించే మందు ఉంది, హయలురోనిడేజ్. అది క్లినిక్‌లో లేకపోతే ఫిల్లర్ సూది పట్టుకునే హక్కు వాళ్ళకు లేదని నా అభిప్రాయం. అయితే అది హయలురోనిక్ యాసిడ్ జెల్‌నే కరిగిస్తుంది, కాల్షియంతో చేసిన ఫిల్లర్లను కరిగించదు. కొత్త డాక్టర్ "ఏ ఫిల్లర్ వేశారు?" అంటే మా దగ్గర చిన్న చీటీ కూడా లేదు. రెండు రోజులు ఫోన్లు చేస్తే అప్పుడు డబ్బా ఫోటో వాట్సాప్‌లో పంపారు. డబ్బా మీద స్టిక్కర్ అడిగి ఇంటికి తెచ్చుకోండమ్మా. సంతకం పెట్టించుకున్న నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితంలో రంగు మారొచ్చని ఒక ముక్క ఉందట. నోటితో తెలుగులో ఒక్కరూ చెప్పలేదు.

సింహాచలంలో మా పిన్ని "ఏటే, నిద్దరోవట్లేదా?" అంది. విషయం తెలిశాక "దేవుడిచ్చిన మొహం చాల్లేదా?" అని కూడా అంది. అది విని చెల్లి బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చింది. తన జీతం, తన మొహం, తన ఇష్టం. తప్పు చేసింది సూది పట్టుకున్నవాళ్ళు, కూర్చున్న పిల్ల కాదు.

మొన్న మంగళవారం ఆ కరిగించే మందు వేశారు. ఎడమ వైపు నీలం పోయింది, గుంట తిరిగి వచ్చింది. కుడి వైపు ఇంకా సన్నటి గీత ఉంది, వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాం.