మీ అబ్బాయిది డార్క్ మోడా, లైట్ మోడా?

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు జీతమెంత, సొంత ఫ్లాట్ నిజాంపేటలోనా నార్సింగిలోనా అని అడిగి ఊరుకుంటున్నారు గానీ, అబ్బాయి ఫోన్ డార్క్ మోడ్‌లో (నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలు) ఉంటుందా, లైట్ మోడ్‌లో (తెల్ల స్క్రీన్ మీద నల్లక్షరాలు) ఉంటుందా అని ఒక్కరూ అడగట్లేదు, ఇది చాలా ప్రమాదం. జాతకాలు కలవకపోతే శాంతి చేయించుకోవచ్చు, రాత్రి లైటార్పి పడుకున్నాక పక్కన తెల్లటి స్క్రీన్ భగ్గుమంటే ఏ పంతులుగారూ ఏం చేయలేరు.

2019లో ఆండ్రాయిడ్ 10, ఐఫోన్లకి ఐఓఎస్ 13 అనే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చేదాకా మన ఫోన్లలో ఈ గొడవ పెద్దగా లేదు. ఆ తర్వాతే తెగలు పడ్డాయి. మా ఆఫీస్ మాదాపూర్‌లో. అక్కడ లిఫ్టులో లైట్ మోడ్ ఫోన్ బయటకి తీయాలంటే కొంచెం గుండె ధైర్యం కావాలి. నల్ల స్క్రీన్ ఉన్నోడు కోడింగ్, తెల్ల స్క్రీన్ ఉన్నోడు హెచ్ఆర్, అదీ లెక్క. నేను చేసేది ఎక్సెల్ షీట్లు నింపడమే, అయినా మూడేళ్లుగా డార్క్ మోడే. ఎవరన్నా అడిగితే "బ్యాటరీ మిగులుతుంది కదా" అని సైంటిస్టులా చెప్పేవాణ్ణి.

మొన్న ఛార్జింగ్ పిన్ లూజయిందని అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి పోతే, రిపేర్ చేసే తమ్ముడు "అన్నా, ఇది ఎల్‌సీడీ స్క్రీన్. ఎనక లైట్ ఎప్పుడూ వెలుగుతనే ఉంటది, నువ్వు నలుపు పెట్టినా తెలుపు పెట్టినా గంతే" అన్నాడు, తల కూడా ఎత్తకుండా, స్క్రూలు ఊడదీస్తూ. అచ్చం నల్లగా ఉన్నచోట పిక్సెల్ (స్క్రీన్ మీది చుక్క) ఆరిపోవాలంటే ఓఎల్ఈడీ అనే రకం స్క్రీన్ ఉండాలంట. మూడేళ్ల పొదుపు పాయె! కడుపుమంటతో ఇంటికొచ్చి వెతికితే ఓఎల్ఈడీ వాళ్ల బడాయి కూడా బయటపడింది. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో కొలిస్తే, బ్రైట్‌నెస్ ఫుల్‌గా ఉన్నప్పుడు డార్క్ మోడ్‌తో సగటున 39 నుంచి 47 శాతం దాకా బ్యాటరీ వాడకం మిగిలింది, అది నిజమే, కానీ మామూలుగా పెట్టుకునే 30-50 శాతం బ్రైట్‌నెస్‌లో మిగిలేది సగటున 3 నుంచి 9 శాతమే. నాకు ఎంత హాయిగా అనిపించిందో.

ఇక మా అమ్మది పక్కా లైట్ మోడ్, ఫుల్ బ్రైట్‌నెస్, ఒక్కో అక్షరం ఇడ్లీ అంత. పొద్దున ఐదింటికి గుడ్ మార్నింగ్‌లు చూడ్డానికి ఫోన్ తెరిస్తే హాలంతా కరెంటొచ్చినట్టు ఉంటుంది. ఒకసారి మంచికే కదా అని డార్క్ పెట్టిస్తే "ఫోన్ చచ్చిపోయిందిరా, నిన్ననే కదరా రీఛార్జ్ చేయించింది" అని శోకాలు. తెల్ల స్క్రీన్ ముందు కంటిపాప చిన్నదై అక్షరం తేటగా కనపడుతుందని, ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉన్నోళ్లకి నలుపు మీద తెల్లక్షరాలు చెదిరినట్టు ఉంటాయని తర్వాత చదివా. అమ్మకి మాత్రం చెప్పలేదు, ఇంట్లో నా పరువు కూడా చూసుకోవాలిగా.

అసలు పరీక్ష మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట మెట్రో కింద. ఆటో ఎక్కి కూర్చున్నా, అన్న ఓటీపీ అడిగాడు. స్క్రీన్‌లో నా మొహం కనిపిస్తోంది, మెట్రో పిల్లర్ కనిపిస్తోంది, దానిమీద కోచింగ్ సెంటర్ పోస్టర్ కూడా కనిపిస్తోంది, ఓటీపీ తప్ప. ఫోన్‌ని చొక్కాలోకి దూర్చి, తల వంచి, కళ్లు చిట్లించి చూస్తున్నా.

"ఏం దాస్తున్నవన్నా? గా నలుపు తీసెయ్, కనబడ్తది."

తీసేశా. మాదాపూర్‌లో దిగేముందు మళ్లీ పెట్టేశా.